క్లాసు తలుపు దగ్గర అడగకూడని ప్రశ్న

మా ఎకనామిక్స్ సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. కామారెడ్డి కాలేజీలో పాఠం చెబుతున్నదాన్ని, సగంలో ఆపేసి ఎల్లారెడ్డి బస్సెక్కాను.

ఇంటర్‌లో సారు మాకు పాఠంతో పాటు వాదించడం కూడా నేర్పారు. కాలేజీ చదువుకు ఎవరి దగ్గరా ఫీజు తీసుకోకూడదని ఆయన పట్టు. ఉన్నవాళ్ల పిల్లలకు కూడా ఉచితమేమిటని నేను అడ్డం తగిలేదాన్ని. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఉన్నోళ్ల దగ్గర పన్ను కాడ తీసుకో బిడ్డా. క్లాసు తలుపు కాడ నిలబెట్టి, మీ ఇంట్ల ఎంతున్నదని అడగొద్దు" అనేవారు. స్కాలర్‌షిప్ ఫారాలు వస్తే క్లాసులో అందరిచేతా నింపించేవారు, పటేల్ కొడుకుతో సహా. ఎవరికి వచ్చిందో పైకి చదివేవారు కాదు. బీడీలు చుట్టే తల్లుల పిల్లలకు తల దించుకునే పని ఉండేది కాదు.

నాకు కామారెడ్డిలో డిగ్రీ సీటు వచ్చింది. ఫీజు మాఫీకి ఆదాయం విచారించడానికి వచ్చినాయనకు మా బాపు చాయ్ తాగించి, పరువు కొద్దీ మా కిరాణా దుకాణం బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పాడు. ఇంకేముంది, సర్టిఫికెట్ లిమిట్ దాటి వచ్చింది. తగ్గించి రాయించమని సారు దగ్గరికి పరుగెత్తాడు.

విచారణకు వచ్చినాయనకు చెప్పింది నిజమేనా అని సారు అడిగారు.

"జర ఎక్కువ చెప్పిన సారూ. నిజం చెప్పినా దాటుతది. బీదోళ్లకు సర్కారు కడతది, ఉన్నోళ్లు కట్టుకుంటరు. నడిమిట్ల మేమేం గావాలె? పిల్లను ఇంటి కాడనే ఉంచుత."

సారు నవ్వలేదు, కోప్పడలేదు. "అబద్ధం నేను రాయియ్య. పిల్ల చదువు మాత్రం ఆగది" అన్నారు.

మర్నాడే మాతో కామారెడ్డి వచ్చి, ప్రిన్సిపాల్ ఎదుట కూర్చుని, ఫీజు నెలనెలా కట్టేలా ఒప్పించాకే లేచారు. ఆ తర్వాత మాలాంటి ఇళ్ల గురించి సర్కారుకు ఎన్ని అర్జీలు పెట్టారో! జవాబు రాకపోతే మళ్లీ రాసేవారు. ఆయన అడిగిన ఉచిత చదువు అందరికీ ఇంకా రాలేదు. వచ్చి తీరుతుందని నాకు గట్టి నమ్మకం. ఆయనతో వాదనలో ఓడిపోయినందుకు ఈనాడు సంతోషంగా ఉంది.

నేను చేరేసరికి బాపు సారు వాకిట్లోనే ఉన్నాడు. మద్నూర్ నుంచి వచ్చిన సారు బంధువొకాయన, మీరెవరని బాపును అడిగాడు. దుకాణం పేరు చెబుతాడనుకున్నాను.

"సారు చదివిచ్చిన పిల్లకు తండ్రిని" అన్నాడు బాపు. తువ్వాలు నడుముకు చుట్టుకుని, వెళ్లి పాడెకు భుజం పట్టాడు.