మహేశ్వరి కడుపు, ఊరందరి పెత్తనం

మహేశ్వరికి బరువు తగ్గే సలహా చెప్పనివాళ్లు పత్తికొండ చుట్టుపక్కల ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్లు ఇంకా ఆమె బస్సెక్కి ఉండరు. పదహారేళ్లుగా ఆమె పత్తికొండ–కర్నూలు పల్లెవెలుగులో కండక్టరు. టికెట్టు కొట్టేలోపల మెంతులు నానబెట్టుకొమ్మని ఒకరు చెబుతారు, చిల్లర ఇచ్చేలోపల సొరకాయ రసం తాగమని ఇంకొకరు. పొద్దున్నే నాలుగు మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని ఎక్కిన పెద్దమనిషి, అవి నములుతూనే, "నోరు కట్టేసుకోవల్లమ్మా, వేరే దారి లేదు" అంటాడు. అందరికీ ఆమె ఒకటే జవాబు చెప్పేది. "ముందుకు జరగండి."

నూట పద్దెనిమిది కిలోల మనిషి. పనికి వెనకాడే రకం మాత్రం కాదు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే చోటు లేదు. డబ్బు తీసుకోకపోయినా వాళ్లందరికీ సున్నా టికెట్టు కొట్టాల్సిందే, వెనక సీటు దాకా పోయి రావాల్సిందే. సీట్ల మధ్య దారి ఆమెకు చాలేది కాదు. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, టమాటా గంపలు దాటుకుంటూ పోయేది. ఒకరోజు కోడుమూరు దాటాక కళ్లు తిరిగి ఆ దారిలోనే కూలబడింది. డ్రైవరు బొజ్జన్న ఎక్కడా ఆపకుండా, ప్రయాణికులతో సహా బస్సును కర్నూలులో ఆస్పత్రి గేటు దాకా తోలాడు. అప్పుడు చూస్తే షుగరు మూడు వందల ఎనభై.

ఒంటికి బాగుందని డాక్టరు కాగితం రాసిస్తేనే మళ్లీ డ్యూటీ ఎక్కాలన్నారు డిపో అధికారులు. లేకపోతే డిపోలో కూర్చునే పని ఇస్తామన్నారు. వాళ్లు మంచి మనసుతోనే అన్నారు. ఇంట్లో కూడా అదృష్టమన్నారు. మహేశ్వరికి మాత్రం ఒళ్లు మండింది. ఆ బస్సులో తాగుబోతులను దించింది, ఒక నిండు గర్భిణికి పురుడు పోసింది, జేబుదొంగను చొక్కా పట్టుకుని లాగింది. ఇప్పుడు ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతారా? ఆమెకు బస్సు కావాలి. సన్నబడి అందంగా కనిపించాలన్న ఆశ ఆమెకు ఏనాడూ లేదు.

కర్నూలులో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఒకామె ఉందని బొజ్జన్న చెప్పాడు. ఆ డాక్టరమ్మ చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో కడుపు బొమ్మలు గీసి చూపించింది.

"స్లీవ్ అంటే కడుపులో ముప్పాతిక భాగం పైగా కోసి తీసేస్తాం. అరటికాయలాంటి గొట్టం మిగులుతుంది. పేగుల జోలికి పోము, పని తొందరగా అయిపోతుంది. కానీ తీసింది మళ్లీ పెట్టలేం. పుల్లటి తేపులు ఉన్నవాళ్లకు అవి ఇంకా ఎక్కువ కావచ్చు."

"నాకు తేపులు శానా ఉండాయి మేడం. పండుకుంటే గొంతు దాకా మంట."

"అయితే బైపాస్ ఆలోచించాలి. పైన నిమ్మకాయంత సంచి చేసి పేగుకు కలుపుతాం. షుగరుకూ మంటకూ ఇదే మేలు. కానీ అతుకులు ఎక్కువ, పని పెద్దది. ఇనుము, కాల్షియం, విటమిన్ల బిళ్లలు బతికినన్నాళ్లూ మింగాలి. తీపి ఎక్కువ తింటే చెమటలు పట్టి గుండె దడదడలాడుతుంది. మోకాళ్ల నొప్పికని దుకాణంలో బిళ్లలు కొని వేసుకుంటే అతుకు దగ్గర పుండు పడుతుంది."

"బెలూను పెడతారంట గదా, కోత లేకుండా?"

"పెడతాం. ఆరు నెలలకు తీసేస్తాం. తీశాక చాలామందికి బరువు మళ్లీ వచ్చేస్తుంది. కడుపుకు పట్టీ వేయడం కూడా ఉండేది. అది జారుతుంది, తీయడానికి ఇంకో ఆపరేషన్ పడుతుంది, అందుకే ఇప్పుడు దాదాపు ఎవరూ వేయడం లేదు."

మహేశ్వరి తిన్నగా అడిగేసింది. "సచ్చిపోయేది ఎంతమంది?"

"చాలా తక్కువ. కానీ ఎవరూ లేరని చెప్పను. అతుకు కారొచ్చు, రక్తం పోవచ్చు, కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. అందుకే అదే రోజు లేపి నడిపిస్తాం."

ఆ మాట ఆమెకు నచ్చింది. బస్సులో కూలబడిన ఈ నాలుగు నెలల్లో తనతో దాపరికం లేకుండా మాట్లాడిన మనిషి ఈమె ఒక్కతే అనుకుంది.

ఇంటికి వచ్చి ఆ చీటీ బల్ల మీద పెట్టడమే ఆమె చేసిన తప్పు. పెళ్లికి చీరలు ఎంచినట్టు అందరూ దాని మీద పడ్డారు. అత్త గిడ్డమ్మ బెలూనుకే ఓటేసింది, కత్తి తగలదు కాబట్టి. పక్కింటి భీమక్క పట్టీ మేలంది, వద్దనుకుంటే తీసేయొచ్చని. అది ఇప్పుడు వేయడం లేదని చెప్పినా, "అడిగి చూస్తే ఏం పోతాది" అంటుంది. రాజంపేట నుంచి ఆడబిడ్డ తనూజ ఫోన్ చేసి, వాళ్ల వీధిలో ఒకామె స్లీవ్ చేయించుకుని నలభై కిలోలు తగ్గిందని గంటసేపు చెప్పి, ఆఖరున, "కాకపోతే ఇప్పుడు మంటకు కూచోనే నిద్రపోతాది వదినా" అంది. భర్త ఈరేష్ టమాటా మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాడు. ఆయన అడిగింది ఒక్కటే. "దేంట్లో ఎన్ని కేజీలు పోతాయి?"

"కడుపు ఎవరిది?" అంది మహేశ్వరి. బైపాస్ అని తనే తేల్చేసింది.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు గట్టి తిండి తినకూడదు. డాక్టరమ్మ చెప్పిన పొడి కలుపుకున్న పాలు, పలచటి మజ్జిగ, చారు నీళ్లు, అంతే. ఆ సంగతి గిడ్డమ్మకు చెప్పగానే ముసలామె ముఖం మాడిపోయింది. "ఆపరేషన్ అయినంక నాలుగు స్పూన్లే గదంట. ఇంక జన్మలో కడుపు నిండా తినేది లేదు. ఇప్పుడు కూడా ఎండబెట్టి పంపిస్తామా?" అంది. కడుపుతో ఉన్న ఆడపిల్లను ఇంటింటికీ పిలిచి భోజనం పెట్టే అలవాటు వాళ్లది. ఆ లెక్కనే ఈ కడుపుకూ పెట్టారు. భీమక్క ఇంట్లో భక్షాలు, పైన కరిగిన నెయ్యి. పెదమామ ఇంట్లో జొన్నరొట్టె, గుత్తివంకాయ. ఇంకో ఇంట్లో కోడికూర, సంగటి. తిన్నాక బొట్టు పెట్టి, రవికెగుడ్డ చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ సాగనంపారు. పది రోజుల్లో ఎనిమిది ఇళ్లు.

ఆస్పత్రిలో చేరే రోజు తూకం నూట ఇరవై రెండు చూపించింది. స్కానింగు చూసి డాక్టరమ్మ పెదవి బిగించింది. "లివరు కొవ్వుతో ఉబ్బి కడుపు మీద కప్పుకుని ఉంది. దాన్ని పక్కకు జరిపితేనే నాకు దారి. రెండు వారాలు ఎందుకు చెప్పానమ్మా? ఇలా చేస్తే ప్రమాదం. మూడు వారాల తర్వాత రండి."

సెలవులు అయిపోవచ్చాయి. మహేశ్వరికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకుంది. తిరుగు బస్సులో ఈరేష్‌ను కోడుమూరు దాకా తిట్టింది. ఆయన మెల్లగా అన్నాడు.

"ఎనిమిదిండ్లలో ఒక్క ఇంట్లో అన్నా వద్దంటివా? నేను ఉంటి గదా పక్కన."

ఆమె కిటికీ వైపు తిరిగింది. నిజమే, వద్దనలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె విస్తరిలో ఎవరూ రెండోసారి మనసారా వడ్డించలేదు. పెళ్లిళ్లలో గరిట పట్టినవాడు ఆమె దగ్గరికి వచ్చేసరికి కళ్లతో నవ్వేవాడు. ఆమే చేయి అడ్డం పెట్టి, ఇంటికి వచ్చి ఆకలితో తినేది. ఈ పది రోజులు మాత్రం అందరూ చుట్టూ కూర్చుని, ఇంకొంచెం తిను మహేశ్వరీ అన్నారు. తప్పని తెలిసే తింది. ఆ మాట ఈరేష్‌కు చెప్పడానికి సిగ్గేసి, "కిటికీ ముయ్యి, దుమ్ము వస్తాంది" అంది.

మరుసటి రోజు గిడ్డమ్మను కూర్చోబెట్టి చెప్పింది. "అత్తా, నువ్వు పెట్టించిన కూడే నన్ను ఆపరేషన్ టేబుల్ ఎక్కనీలేదు. ఇంకోసారి పెడితే బస్సు పోతాది, నేనూ పోవచ్చు." కొంచెం గట్టిగానే చెప్పింది. ముసలామె తలూపింది. మూడు వారాలు కోడలి గదివైపు పళ్లెం తేలేదు, వాకిట్లో గిన్నెతో కనిపించిన భీమక్కను కూడా తిప్పి పంపింది. కానీ పళ్లెం లేకుండా కోడలి దగ్గరికి ఏమని రావాలో ఆమెకు తెలియలేదు. గడప దాకా వచ్చి, నిలబడి, వెళ్లిపోయేది. అది చూస్తే మహేశ్వరికి ఇంకా చిరాకు పుట్టేది.

మీరు కంగారు పడకుండా ముందే చెబుతాను. ఆపరేషన్ బాగానే జరిగింది. రోజుకు ఇన్నేసి బిళ్లలేమిటని విసుక్కుంటూనే మింగింది, ఒకసారి లడ్డు తిని చెమటలు పట్టి గంటసేపు పడుకుంది, జుట్టు రాలితే డాక్టరమ్మతో పోట్లాడింది. జీతం లేని సెలవు మీద ఉండి, ఆరో నెలలో కాగితం తెచ్చుకుని బస్సెక్కింది. ఇప్పుడు ప్రయాణికులు, ఇంత చిక్కితే ఎట్లమ్మా, కొంచెం తిను అంటున్నారు.

నేను చెప్పాలనుకున్నది ఆపరేషన్ రోజు పొద్దున జరిగింది. బరువు నూట పదిహేనుకు దిగింది. సంతకాలు అయ్యాయి. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లోపలికి తోస్తుంటే, తలుపు దగ్గర గిడ్డమ్మ అడ్డం వచ్చింది. ఎప్పుడూ క్యారేజీతోనో మూటతోనో ఉండే చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కొంగు పట్టుకుని, వదిలి, చివరికి కోడలి నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసింది.

"భయమైతాండాదా?" అని అడిగింది.

ఇన్ని నెలల్లో ఏ కోత మేలని అడిగారు, ఎన్ని కేజీలని అడిగారు, దుడ్లు ఎంతని అడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు. అందరికీ వెంటనే జవాబు చెప్పే మహేశ్వరి ముందు అత్త చేయి పట్టుకుంది.

"అవుతాంది అత్తా" అంది. "శానా అవుతాంది."