మైకు బాబాయి మోసే కబురు

ఆయన్ని ఊరంతా మైకు బాబాయి అనేవారు. ఆటో పైన రెండు హారన్లు కట్టుకుని, వెనక సీట్లో ఆంప్లిఫయరు పెట్టుకుని వీధి వీధీ తిరిగేవాడు. బట్టల కొట్టు తగ్గింపులూ, తప్పిపోయిన పిల్లలూ, కుళాయి రాని రోజులూ, అన్నీ ఆయన నోటి మీదుగానే జనానికి చేరేవి. రికార్డు చేసిన గొంతంటే గిట్టదు. "చద్ది మాటలు ఎవరు వింటారయ్యా?" అనేవాడు. "మీ ఆయన చొక్కా మాస్తే ఉతకండమ్మా, చిరిగితే మాత్రం మా కొట్టుకు రండి!" అని ఆయన అరిస్తే వంటింట్లో ఆడవాళ్లు కూడా నవ్వేవారు.

ఒక్కతే కూతురు. కడుపుతో పుట్టింటికి వచ్చింది. నాలుగో నెలలో చూపించుకుంటే అంతా బాగుందన్నారు. ఆ మాట పట్టుకుని మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఏడో నెలలో మొహం ఉబ్బింది, వేలి ఉంగరం బిగిసిపోయింది.

"నీరు పట్టడం మామూలేలే, నాకూ పట్టింది," అంది తల్లి.

తలనొప్పి పట్టుకుంటే వదిలేది కాదు. "నీ మైకు మోతకే నాన్నా," అని నవ్వేది ఆ పిల్ల.

"పదమ్మా, ఓసారి చూపిద్దాం."

"వచ్చే వారం వెళ్దాంలే నాన్నా, తొందరేముంది?"

ఆ వారం రాలేదు. ఓ మధ్యాహ్నం డొక్క కింద నొప్పి అంది. తిన్నది అరగలేదనుకున్నారు. కాసేపటికి గోడ పట్టుకుని, "అమ్మా, నువ్వు మసగ్గా కనిపిస్తున్నావేంటే?" అంది. తల్లి చెయ్యి అందించేలోపే కుప్పకూలి, ఫిట్స్‌తో కాళ్లూ చేతులూ కొట్టుకుంది. మైకు బాబాయి ఆంప్లిఫయరును వీధిలోకి తోసేసి, కూతుర్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఆటో ఉరికించాడు.

"బీపీ రెండు వందలు దాటింది," అంది డాక్టరమ్మ. "కడుపుతో ఉన్నప్పుడు ఇది పెరిగితే తల్లికీ బిడ్డకీ ముప్పే. ఈ మధ్య చూపించలేదా?"

"నాలుగో నెలలో చూపించామమ్మా," అంది తల్లి.

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. గుప్పెడంత ఆడపిల్ల, బతికింది. మెదడులో నరం చిట్లిన తల్లి మళ్లీ కళ్లు తెరవలేదు.

చాలా నెలలు ఆయన గొంతు ఎవరికీ వినిపించలేదు. అల్లుడు బిడ్డను అమ్మమ్మ చేతిలో పెట్టి పనికి పోయాడు. ఆ తర్వాత ఓ ఉదయం హారన్లు మళ్లీ మోగాయి.

"కడుపుతో ఉన్న తల్లులూ! తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకలేసినా, మొహం ఉబ్బినా, డొక్కలో నొప్పొచ్చినా ఆగకండి. ఏ బాధా లేకపోయినా ప్రతిసారీ బీపీ చూపించుకోండి. నా కూతురు చూపించుకోలేదు. పోయింది."

ఓ ముసలామె వాకిట్లోంచి కసిరింది: "నిండు చూలాలున్న ఇల్లయ్యా ఇది! అపశకునపు మాటలు కట్టిపెట్టు."

"మాటకు ప్రాణం పోదు పిన్నీ. మాట్లాడకే పోయింది," అన్నాడాయన.

టైలరు భార్య ఆ రోజే వెళ్లి చూపించుకుంది. బీపీ ఉందని మాత్రలిచ్చి, నెల రోజులు కనిపెట్టుకుని ఉండి కాన్పు చేశారు. తల్లీబిడ్డా క్షేమం. కసిరిన ముసలామె మాత్రం కోడల్ని పంపలేదు. ఆ ఇంటినుంచి కోడలి శవం లేచిన రోజు ఆయన ఆటో తియ్యలేదు.

ఇంట్లోనూ శాంతి లేదు. ఆయన అరుపు వినబడితే భార్య కిటికీ తలుపులు వేసేసేది. ఓ సాయంత్రం పిల్లకు పాలు పట్టిస్తూ ఆయన్ని కడిగేసింది.

"రేపు ఇది ఎదిగి నీ మాటలు వింటుంది. నన్ను కడుపున మోసినందుకే మా అమ్మ చచ్చిపోయిందని కుమిలిపోదూ? ఆలోచించావా?"

ఆయన పిల్ల అరికాలు నిమిరాడు.

మర్నాటి నుంచి అరుపు చివర ఇంకో మాట చేరింది. "ఈ బీపీ ఎవరికొస్తుందో ముందు చెప్పలేం. బిడ్డ తప్పు కాదు, తల్లి తప్పూ కాదు. కనిపెట్టకపోవడమే మన తప్పు."

భార్య ఇప్పటికీ కిటికీ మూస్తూనే ఉంది. ఆయన ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు. చొక్కాల జోకులు మాత్రం మళ్లీ చెప్పలేదు.