ఎర్రదాని నీలిపూసలు

ప్రేమరాజు చెవితమ్మె చిరిగి ఉంటుంది. ఎవరైనా అడిగితే తలుపు తగిలిందంటాడు. తలుపు కాదు, వాళ్ల అన్న వరదానం పట్టుకొచ్చిన గునపం. ఆ పూట నేను అక్కడే ఉన్నాను కనుక చెబుతున్నాను.

మా ఎదురింటి ప్రేమరాజు నర్సీపట్నం కాలేజీలో జువాలజీ ల్యాబు అటెండరు. ఇరవై ఏళ్లుగా కప్పల్ని, పాముల్ని, తేళ్లని ఫార్మలిన్‌లో ముంచి చంపి సీసాలకెక్కించడం అతని పని. ప్రతి సీసా మీదా చీటీ ఉంటుంది: ప్రాణి పేరు, దొరికిన ఊరు, పట్టి తెచ్చినవాడి పేరు. బురదలో దిగి పట్టేది ప్రేమరాజే అయినా చీటీ మీద ఎవరో ఒక లెక్చరరు పేరు ఉండేది. "సచ్చిపోయేలోగా ఒక్క సీసా మీదయినా నా పేరు సూసుకోవాలండి పిన్నిగారూ" అనేవాడు.

ఇంటి ముందుగదిలో గాజుతొట్టె పెట్టి, పూడిమడక నుంచి బస్సు మీద డబ్బాలతో సముద్రపు నీళ్లు తెచ్చి పోసి చేపల్ని పెంచేవాడు. దేన్నయినా చూసి ఊరుకోవడం నాకు చేతకాదు. ఆ నీళ్లలో వేలు ముంచి నాకి చూశాను. నాలుక పొక్కేంత ఉప్పు, చివర్లో కాస్త చేదు.

డెబ్భై తొమ్మిది వేసవిలో పూడిమడక రాళ్ల మీంచి ముదురు ఎరుపు సీ ఎనిమోన్ అనే ప్రాణి ఒకదాన్ని గీకి తెచ్చాడు. చూడటానికి పువ్వే. కాని ఆ రేకులన్నీ విషం దించే వేళ్లు, నడుమ నోరు. తొట్టెలో అప్పటికే పచ్చది ఒకటి ఉంది. జువాలజీ లెక్చరరు యాజులు గారు వచ్చి చూశారు.

"రెండూ ఒక జాతే ప్రేమరాజూ. రంగు తేడా, అంతే."

"కాదండి. ఈ ఎర్రదాని ఏళ్ల కింద నీలం పూసలున్నాయండి. పచ్చదానికి లేవు."

"నాకు కనబడలేదు" అని వెళ్లిపోయారు. కనబడవు మరి, అది వాటిని లోపలికి ముడుచుకుని ఉంది.

మర్నాడు ప్రేమరాజు ఇల్లు నాకప్పగించి కాలేజీకి వెళ్లాడు. తొట్టె ముందు పీట వేసుకుని బియ్యం ఏరుకుంటున్నాను. ఎర్రది కొంచెం కొంచెంగా జరిగి పచ్చదాని పక్కకు చేరింది. పచ్చదాని వేలు తగలగానే ఎర్రదాని మెడ చుట్టూ నీలిపూసలు బొబ్బల్లా ఉబ్బాయి. ఒళ్లు పొడుగు చేసి లేచి, పచ్చదాని మీద పడి కొట్టింది. వెనక్కి లేచి మళ్లీ కొట్టింది. కొట్టిన చోటల్లా నీలితోలు ఊడి పచ్చదానికి అంటుకుపోయింది, అంటుకున్న చోట మాంసం తెల్లగా ఉడికిపోయింది. పూటంతా అదే పని. మూడో రోజుకి పచ్చది కుళ్లి రాలిపోయింది.

నేను చూసింది చెబితే యాజులు గారు నమ్మలేదు. "నీళ్లు పాడై చచ్చి ఉంటుంది. బాలాంబ గారు చదివింది అయిదో తరగతి, ఆవిడ చూశారని వాల్తేరు యూనివర్సిటీకి రాయమంటావా? నా కళ్లముందు కొట్టించు. కొట్టేటప్పుడు ఆ పూసలు కనబడితే వేరే జాతని ఒప్పుకుంటాను. వాల్తేరు పంపిస్తాను, చీటీ మీద నీ పేరే రాస్తాను" అన్నారు.

ఆ ఆదివారమే ప్రేమరాజు ఇంకో పచ్చదాన్ని తెచ్చాడు. సాయంత్రం వరదానం గునపంతో దిగాడు. అతను చర్చిలో సంఘపెద్ద. పైగా ఆ ఇల్లు ఇద్దరిదీ.

"ఆరాధన మానీసి పురుగుల కోసం ఎల్తావేటిరా? ఉప్పునీళ్లకి గోడలు ఊడిపోతన్నాయి, సూడవేటి?"

"రెండ్రోజులాగన్నయ్యా. తొట్టె నేనే తీసీస్తాను."

"రెండేళ్లబట్టీ ఇదే మాట."

గునపం గాజు మీద పడింది. గది నిండా నీళ్లు, పెంకులు, కొట్టుకుంటున్న చేపలు. ప్రేమరాజు రోకలి అందుకున్నాడు. వరదానం నెత్తి పగిలింది. గునపం మొన ప్రేమరాజు చెవిని చీల్చుకుంటూ పోయింది. అన్నదమ్ములిద్దరూ గొంతులు పట్టుకుని గాజుపెంకుల మీద దొర్లారు.

వాళ్లను విడదీయడం నా వల్ల కాదు. ఇంటికి పరిగెత్తి, కడిగి ఆరబెట్టిన ఊరగాయ గాజుజాడీ, ఒక గిన్నె పట్టుకొచ్చాను. నూతినీళ్లలో రాళ్లుప్పు కలుపుతూ, నాలుక మీద వేసుకుంటూ, తొట్టె రుచి వచ్చేదాకా కలిపాను. ఎర్రదాన్ని జాడీలో, పచ్చదాన్ని గిన్నెలో వేశాను. ఏరుతుంటే ఎర్రది బొటనవేలికి కుట్టింది, వారం మండింది.

వరదానం నెత్తురు తుడుచుకుంటూ, "మీరు కూడానా అమ్మా" అన్నాడు.

"నన్ను తరవాత తిడుదువు గాని, ముందు బేగెళ్లి కట్టు కట్టించుకో."

మూడో నాడు యాజులు గారు వచ్చారు. పచ్చదాన్ని జాడీలోకి జార్చాం. "పూసలు ఉబ్బి ఉండగానే చావాలి. ముడుచుకుంటే వాల్తేరులో ఎవరికీ కనబడవు" అన్నారాయన. చెవికి కట్టుతో, ఫార్మలిన్ సీసా మూత తీసి ప్రేమరాజు నిలబడ్డాడు. గంట దాటాక పూసలు ఉబ్బాయి. ఎర్రది లేచి పచ్చదాని మీద పడింది.

"ఊఁ, పొయ్యి" అన్నారు యాజులు గారు.

ప్రేమరాజు చెయ్యి ఆగింది. ఇరవై ఏళ్లలో అలా ఆగడం అదే మొదలట.

"బేగి కానీ బాబూ" అన్నాను నేనే. సీసా వొంపేశాడు. రెండూ మెలితిరిగి, అంటుకున్నవి అంటుకున్నట్టే గట్టిపడ్డాయి.

రెండు నెలలకు వాల్తేరు నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి అన్నదమ్ములు ఇంటి మధ్య అడ్డగోడ కట్టేసుకున్నారు. ఎర్రది వేరే జాతేనని రాసి, నోరు తిరగని పేరొకటి పెట్టారు. చీటీ నకలు కూడా పంపారు. పట్టి తెచ్చినది: ప్రేమరాజు, నర్సీపట్నం. అంతా ఇంగ్లీషే కనుక వేలు పెట్టి రెండుసార్లు చదివించుకున్నాను.

"మరి పచ్చదాని పేరు రాయలేదేటి? అదీ ఆ సీసాలోనే ఉంది కదా" అన్నాను.

ప్రేమరాజు చెవి తడుముకున్నాడు.

"దానికెందుకండి పిన్నిగారూ. అది మామూలుదే కదా."