లాకుల మరలో వినిపించిన జవాబు

దెయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. కాలేజీలో హిస్టరీ చెప్పేవాణ్ణి. కాగితం చూపించకపోతే సొంత మేనమామ మాటైనా పక్కన పెట్టే రకాన్ని.

పాలకొల్లు అవతల మా ఊరి కాలవ లాకుల పక్కన పాత బియ్యం మర ఉంది. కాలవ నీళ్ళు చక్రం మీద పడితే ఆడేది. మూతపడి చాలా ఏళ్ళయింది. కూలగొడతారని తెలిసి, ఆలోగా దాని చరిత్ర రాద్దామని మొదలుపెట్టాను.

సంగతి తెలిసి సూరమ్మగారు కబురు పెట్టారు. ఎనభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న ఆ మరలో షట్టర్ ఎత్తి నీళ్ళు వదిలేవాడు. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క చక్రానికి చుట్టుకుంటే నీళ్ళాపి, ఒక కూలీ చక్రం కింది గోతిలోకి దిగి దాన్ని లాగేసేవాడు. పైనున్నవాడు "ఎత్తనా" అని మూడుసార్లు కేకెయ్యాలి. కిందివాడు "ఎత్తు" అంటేనే నీళ్ళు వదలాలి. అది అక్కడి కట్టుబాటు.

ఒకరోజు వాళ్ళ నాన్న షట్టర్ ఎత్తాడు. కిందనున్న కూలీని చక్రం లాగేసి ప్రాణం తీసింది. జవాబు విన్నాకే ఎత్తానని ఆయన పోయేదాకా చెప్పాడు. అబద్ధమని ఊరంతా అంది.

"ఆయన అబద్ధమాడాడో లేదో తేల్చండి మాస్టారూ. నేను పోయేలోగా తెలియాలండి" అన్నారావిడ.

పాత రిజిస్టర్లలో ఆ చావు ఊసే లేదు. ఆ గోడలకి తగిలి ఆయన కేకే తిరిగొచ్చి, "ఎత్తు" అన్నట్టు వినిపించి ఉంటుందని నాకు తోచింది. అది రుజువైతే ఆవిడకి కాస్త మనశ్శాంతి.

మే నెల, కాలవలు కట్టేసిన రోజులు. పొద్దున్న పదకొండింటికి గోతిలోకి దిగి చూశాను. మెత్తటి బురద తప్ప ఏమీ లేదు. దిగడానికి మెట్లు ఒక్కటే దారి. పైకొచ్చి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి "ఎత్తనా" అని కేకేశాను. మొదటి రెండుసార్లూ ఏమీ తిరిగి రాలేదు.

మూడోసారి కింద నుంచి "ఎత్తు" అని వినిపించింది. మగగొంతు. పనిలో ఉన్న మనిషి విసుక్కున్నట్టుంది. మళ్ళీ దిగి చూశాను. బురదలో నా అడుగులే ఉన్నాయి.

ఫోన్‌లో మాత్రం నా మూడు కేకలే ఉన్నాయి.

సూరమ్మగారికి అంతా చెప్పాను. రికార్డింగ్ రెండుసార్లు పెట్టించుకుని విన్నారు. నా చెవులతో విన్నానని ఒట్టేశాను.

"మా నాన్నా ఇలాగే ఒట్టేసేవాడండి" అన్నారు. ఫోన్ నా చేతికి తిరిగిచ్చి, "నేనూ నమ్మలేదండి. పోయేముందు ఆయన మంచినీళ్ళడిగినా ఇవ్వలేదు" అన్నారు.

ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ ఏడుస్తుంటే ఎదురుగా కూర్చోవడం తప్ప నావల్ల ఏమీ కాలేదు.