రెండో కప్పు పోసే దాకా

తొంభైల మొదట్లో, నేను పనికెళ్లిన అరబ్బు దేశంలో, అల్ హైల్‌లోని మా బిల్డింగ్ సైట్‌కు నీళ్ల ట్యాంకర్ తెచ్చే ముసలాయన ఆ దేశపు దక్షిణాన ఉన్న ధోఫార్ కొండల మనిషి. పైపు తొట్టిలోకి వదిలి, నీళ్లు నిండే దాకా నీడలో కూర్చుని, ఫ్లాస్కులోంచి ఖహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసి ఇచ్చి, ఎదురుగా ఎవరుంటే వాళ్లను "క్యా ఖబర్?" అని అడిగేవాడు. అందరూ "సబ్ అచ్ఛా" అని తాగి పనిలోకి వెళ్లేవాళ్లు. నేను కొత్త. అడిగినవాడే దేవుడనుకుని, కప్పు ముట్టకముందే నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఊళ్లో మా తమ్ముడు దళంలో కలిశాడు, అమ్మ ఒక్కతే ఉంది, నాకు నిద్ర పట్టడం లేదు అని.

రూమ్‌లో మా పక్కూరి మేస్త్రీ నన్ను చెడామడా తిట్టాడు. "ఖబర్ అడిగితే ఇంటి గుట్టంత ఇప్పి పెడ్తవారా? కంపెనీకి తెలిస్తే రేపే విమానం ఎక్కిస్తరు!"

ముసలాయన మాత్రం మర్నాడు నవ్వి, తనకొచ్చిన హిందీలో పద్ధతి చెప్పాడు. మొదటిసారి అడిగితే, ఇంట్లో శవం ఉన్నా అంతా మంచిదే అనాలట. ఎదుటివాడు రెండో కప్పు పోసి ఊరుకుంటే, అప్పుడు అసలు మాట చెప్పాలట. నేనేం తక్కువ తిన్నానా, వెంటనే ఫ్లాస్కు అందుకుని ఆయనకే రెండో కప్పు పోశాను.

ఆయనా ఒకప్పుడు మా తమ్ముడి లాంటివాడేనని అప్పుడు చెప్పాడు. కుర్రతనంలో సుల్తాను మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల్లో కలిసి, పడమటి సరిహద్దు దాటి యెమెన్ వెళ్లాడు. అక్కడ పరాయి దేశాల వాళ్లు తుపాకులిచ్చారు, మందుపాతరలు పాతడం నేర్పారు. "వాళ్ల భాష మాకు రాదు. చేత్తో చూపించేవాళ్లు, చేత్తో నేర్చుకున్నాం" అన్నాడు. పెట్టెలు ఒంటెల మీద కొండలెక్కేవి. ఓడిపోయాక క్షమాభిక్ష దొరికింది. పాతినవి చూపించమని సైన్యం తీసుకెళ్తే, వానలకు మట్టి జారిపోయి గుర్తులేవీ మిగల్లేదు. దొరకని ఒకదాని మీద, మేకలు తోలుకెళ్తూ ఆయన చెల్లెలే కాలు వేసింది. నేర్పినవాళ్లు అప్పటికే ఎవరి దేశానికి వాళ్లు వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు మేస్త్రీ సెలవు మీద ఊరెళ్లొచ్చాడు. "మీ తమ్ముడు ఇప్పుడు మందుపాతరలకు వైర్లు కలిపే పని చేస్తుండట. సముద్రం అవతలికెళ్లి వచ్చినోళ్లెవరో నేర్పిండ్రని ఊరంత అనుకుంటున్నరు" అన్నాడు. ఇంట్లో ఫ్యూజు వేయమంటే వణికిపోయే మనిషి మా తమ్ముడు. వాడికి అది నేర్పిన పెద్దమనిషి కనిపిస్తే రెండు చెంపలూ వాయించాలనిపించింది. కనిపిస్తేగా! నేనిక్కడ ఎవరి గోడలకో ప్లాస్టరింగ్ చేస్తున్నాను.

ముసలాయననే పట్టుకున్నాను. "చాచా, నువ్వు బయటికొచ్చావు కదా. వాణ్ని ఎలా తెచ్చుకోవాలి?" ఆయనకు తెలిసి ఉంటుందని నిజంగా నమ్మాను.

"నాకోసం మా అమ్మ సరిహద్దు దాకా నడిచొచ్చింది. నేను డేరాలోంచి బయటికే రాలేదు" అన్నాడు. పైపు చుట్టి ట్యాంకర్ ఎక్కాడు.

నెలకో శుక్రవారం అమ్మను మండలంలోని ఎస్టీడీ బూత్‌కు రమ్మని ముందే కబురు పెట్టి, అక్కడికి ఫోన్ చేసేవాణ్ని. ఆ శుక్రవారం "ఎట్లున్నవే అమ్మా?" అన్నాను.

"అంత మంచిగనే ఉన్నం బిడ్డా" అంది. తర్వాత మాట లేదు.

ఆ పద్ధతి అమ్మకెవరూ నేర్పలేదు. అయినా అది మొదటి కప్పు మాటేనని తెలిసిపోయింది. ఏమీ అడగకుండా ఆగాను.

"తమ్ముడు ఇంటికొచ్చిండు" అంది చివరికి. "వైరు కలుపుతుంటే చేతులల్లనే పేలిందట. పోలీసోళ్లు తెచ్చి ఇంటి ముంగట పండవెట్టి పోయిండ్రు. మొన్న మట్టిల పెట్టినం. నీకు చెప్పుదమంటే ఎట్ల చెప్పాలె బిడ్డా?"

శనివారం డ్యూటీలో ముసలాయన ఖహ్వా పోసి అడిగాడు, "క్యా ఖబర్?"

"సబ్ అచ్ఛా" అన్నాను.

ఆయన నా మొహం వంక చూసి, రెండో కప్పు పోసి, ఊరుకున్నాడు. తొట్టి నిండి నీళ్లు పొర్లిపోతున్నా లేవలేదు.