పైడిరాజు ఇంటికొచ్చే తెలుగు పేపరు

పైడిరాజు కాలనీ తెలుగు సంఘానికి కార్యదర్శి. మైకు దొరికితే చాలు, పొట్ట ముందుకు తోసి, బిలాస్‌పూర్‌లో తెలుగు చచ్చిపోతోందని గొంతు బొంగురుపోయేలా వాపోతాడు. ఇంట్లో పిల్లలతో హిందీలో, కొత్తగా తెచ్చుకున్న గోల్డెన్ రిట్రీవర్ కుక్కపిల్లతో ఇంగ్లీషులో మాట్లాడతాడు. రోజూ స్టేషన్‌లో తెలుగు పేపరు కొని, అక్షరాలు పదిమందికీ కనిపించేలా చంకలో పెట్టుకుని ఇంటికొస్తాడు. ఒక్క ముక్క చదవకుండా దాన్ని వరండా మూల పరుస్తాడు. కుక్కపిల్ల బ్రూనో ఉచ్చ పోసేది దానిమీదే. నెల తిరిగేసరికి అది ఎక్కడ పేపరు కనిపిస్తే అక్కడికి పరిగెత్తడం నేర్చుకుంది. తానిచ్చిన ఆ శిక్షణ గురించి మీసం దువ్వుకుంటూ అందరికీ చెబుతాడు.

మొన్న ఆదివారం సంఘం అధ్యక్షుడు సత్యనారాయణమూర్తి గారు ఇంటికి వస్తున్నారని, ఆ పూట పేపరును టీపాయ్ మీద అందంగా సర్దాడు. ఆయన ముచ్చటపడి చదువుతుంటే ఒక కాగితం జారి నేలమీద పడింది. బ్రూనో ఉరికొచ్చి, దానిమీద రెండు చుట్లు తిరిగి, బుద్ధిగా ఉచ్చ పోసింది. "నో! బ్యాడ్ బాయ్!" అంటూ పైడిరాజు చెయ్యెత్తాడు.

టీ తెస్తున్న భార్య నీలవేణి అడ్డొచ్చింది. "దాన్నేటి కొడతారు? మనింట్లో తెలుగు పేపరు అవసరం దానికొక్కదానికే గదేటి!"