సిగరెట్టు కోసం కట్టిన గుడి

ఫిర్యాదు చేసింది నేనే. ఇప్పుడైనా మళ్ళీ చేస్తాను. పద్నాలుగో నంబరు లారీని ఎవరిస్తో మైదానా అనే పెద్దాయనా, నేనూ వంతులవారీగా నడిపేవాళ్ళం. విరసోరో మిల్లులో, టీలా కాచుకుని తాగే మాతే ఆకు బస్తాలు ఎక్కించుకుని రొసారియోలో దింపి రావడం మా పని. ఆయన దిగితే నేను ఎక్కాలి. ఎక్కగానే సీటు, తెర, దిండు, చివరికి స్టీరింగు కూడా సిగరెట్టు కంపు. చిన్నప్పటి నుంచి నాకు ఆయాసం. ఆ కేబిన్‌లో కాసేపు కూర్చుంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి.

ముందు ఆయన మొహం మీదే, డోన్ అని మర్యాదగా పిలిచే చెప్పాను.

"డోన్ ఎవరిస్తో, మీరు తాగండి, నేను కాదనను. కానీ కిందకి దిగి తాగండి."

"కిటికీ తీసే తాగుతున్నా కదమ్మాయ్."

"పొగంటే కిటికీలోంచి పోద్ది. కంపెటు పోద్ది?"

"అది నాతోపాటు ముసలిదైన కంపు, జుల్మా. నువ్వు రమ్మంటే వచ్చిందా, పొమ్మంటే పోడానికి?" అని ఆయనే నవ్వేశాడు.

మనిషి చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నేను పనిలో చేరిన కొత్తలో యార్డులో మగవాళ్ళంతా నన్ను చూడటానికే పని మానుకుని నిలబడేవాళ్ళు. "ఈవిడ టైరు మార్చేలోగా బస్తాల్లో ఆకు మళ్ళీ మొలకెత్తుద్ది" అన్నాడొకడు. ఎవరిస్తో వాడి చేతికి జాకీ ఇచ్చి, "అయితే నువ్వు మార్చి చూపించు, మేం నేర్చుకుంటాం" అన్నాడు. వాడు చెమటలు కక్కుతుంటే మేమిద్దరం మాతే తాగుతూ కూర్చున్నాం. ట్రైలరును వెనక్కి తిప్పడం నాకు నేర్పింది ఆయనే. ఒక్కసారి కూడా కసురుకోలేదు.

ఆయన తండ్రి పశువుల లారీ నడిపేవాడట. ఆ లారీలోనే ఆయన స్టీరింగూ సిగరెట్టూ రెండూ పట్టుకోవడం నేర్చుకున్నాడు. మానాలని ప్రయత్నించకపోలేదు. పిప్పరమెంట్లు చప్పరించి పన్ను విరగ్గొట్టుకున్నాడు. భార్య తెయొదోరా చెప్పిందని ఉల్లిపాయ కొరుక్కుంటూ ఓ వారం నడిపాడు, అప్పుడూ కంపు నాకే మిగిలింది. సిగరెట్టు లేకపోతే తిన్నగా సాగే రోడ్డు మీద ఆయనకు కళ్ళు మూతలు పడేవి. "స్టీరింగు పోతే నేను మనిషినే కాను. నిద్రొచ్చి బోర్లా పడినా పోద్ది, సిగరెట్టుతో పట్టుబడినా పోద్ది. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు" అనేవాడు.

నేను ఆఫీసుకే చెప్పాను. దిగి తాగనివ్వండి, కేబిన్‌లో మాత్రం వద్దనండి, ఇదీ నేనడిగింది. వాళ్ళు సగమే విన్నారు. అన్ని లారీల్లోనూ అద్దం పైన ఒక తెల్లటి డబ్బీ బిగించారు. పొగ తగిలితే అది కీచుమని అరుస్తుంది, ఆ అరుపు ఆఫీసు దాకా పోతుంది. మూడోసారి అరిస్తే డ్రైవరు ఇంటికే. పోనీ రోడ్డు పక్కన ఆపి తాగుదామా అంటే, లారీ ఆగిన మరుక్షణం ఫోనులో అడిగేవారు, "ఎందుకు ఆగావు?" అని. లోపల తాగకూడదు, బయట ఆగకూడదు. ఈ తెలివి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎవరిస్తో వంతులో డబ్బీ రెండుసార్లు అరిచింది. ఆ తర్వాత ఆయన చెంపలు వాయించుకుంటూ, పాటలు పాడుకుంటూ నడపసాగాడు. ఓ రోజు మెర్సెడెస్ ఊళ్ళో, గౌచీతో అనే సాధువు గుడి దగ్గర, లారీవాళ్ళంతా ఆగినట్టే, ఆయనా ఆగాడు. హారను కొట్టి, దిగి, సిగరెట్టు వెలిగించి గౌచీతో ముందు మట్టిలో గుచ్చాడు. ఆ సాధువుకు మొక్కు అంటే మరి అదే, ఒక సిగరెట్టో, ఒక గ్లాసు వైనో, ఎర్రగుడ్డో. పనిలో పనిగా తనకూ ఒకటి వెలిగించుకున్నాడు. ఫోను మోగింది.

"ఎందుకు ఆగావు?"

"గౌచీతో దగ్గర."

మళ్ళీ ఫోను మోగలేదు. ఎలా మోగుతుంది? మా యార్డుకు పెద్దయిన డోన్ ఉలీసెస్ తన సొంత బండికే గౌచీతో పేర ఎర్ర రిబ్బను కట్టుకుని తిరుగుతాడు. గౌచీతో దగ్గర ఆగకుండా పోతే ఏ మలుపులో ఏమవుతుందో అని ఈ ప్రాంతంలో భయపడని యజమాని లేడు.

దాంతో ఎవరిస్తోకు దారి దొరికింది. చిక్కల్లా ఏమిటంటే, మెర్సెడెస్ దాటాక చాలా దూరం ఒక్క గుడీ లేదు. కళ్ళు మూతపడే తిన్నని రోడ్డు అదే. అందుకని ఆయన నారింజ పళ్ళ పెట్టె పలకలతో ఒక గూడు చేసి, ఎర్రరంగు పూసి, మట్టి బొమ్మ ఒకటి కొని లోపల నిలబెట్టి, యూకలిప్టస్ చెట్టు కింద పాతేశాడు. పైన ఒక జెండా. నా వంతు వచ్చినప్పుడు చూసి పకపకా నవ్వాను. కేబిన్‌లో కంపు తగ్గింది కాబట్టి నోరు మూసుకున్నాను.

మిగతా డ్రైవర్లు ఊరుకుంటారా? చూస్తుండగానే దారి పొడవునా ఎర్రజెండాలు లేచాయి. మా వాళ్ళంత భక్తిపరులు దేశంలో లేరని మిల్లులో చెప్పుకున్నారు.

కానీ పెట్టిన గూడు పెట్టినవాడి మాట వినదు. చుట్టుపక్కల పశువుల కొట్టాల్లో పనిచేసేవాళ్ళు ఎవరిస్తో గూటికి రావడం మొదలుపెట్టారు. కొవ్వొత్తులు వచ్చాయి, పసిపిల్లల జోళ్ళు వచ్చాయి, ఎవరిదో చేతికర్ర కూడా వచ్చింది. ఒక పూట ఆయన సిగరెట్టు కాలుస్తుంటే ఒక ఆవిడ వచ్చి, "అయ్యా, ఈ గుడి మీరే చూసుకుంటారట కదా. మా ఆయనకు చూపు పోతోంది. ఈయన పలుకుతాడా?" అని అడిగింది.

ఆ రోజు యార్డుకు వచ్చాక ఆయన లారీ దిగలేదు. నేనే మెట్టెక్కి చూశాను. మొహం వెలవెలబోయి ఉంది.

"పలుకుతాడమ్మా అనేశాను జుల్మా. నేను పొగ తాగడానికి పెట్టుకున్న పెట్టె ముందు ఆ మనిషి మోకాళ్ళ మీద కూర్చుంది."

"పీకెయ్యండి మరి."

"గౌచీతోని పీకమంటావా? నువ్వు పీకుతావా?"

నేనూ పీకలేను. ఇక్కడ పుట్టినవాళ్ళెవరూ పీకలేరు.

ఇంతలో డోన్ ఉలీసెస్ ఈ భక్తి సంగతేదో తేల్చుకుందామని ఎవరిస్తో పక్కన ఎక్కి కూర్చున్నాడు. గూడు రాగానే ఎవరిస్తో అలవాటుగా హారను కొట్టి ఆపాడు. ఉలీసెస్ దిగి, టోపీ తీసి, ఒక సిగరెట్టు వెలిగించి మట్టిలో గుచ్చి కళ్ళు మూసుకున్నాడు. ఎవరిస్తో ఇక తట్టుకోలేకపోయాడు.

"డోన్ ఉలీసెస్, ఇక్కడ మొక్కకండి. ఇది దొంగ గుడి. తాగడానికి ఆగాలని నేనే కట్టాను. కావాలంటే నన్ను తీసెయ్యండి."

"తెలుసులేవయ్యా. రంగు మన గేటుకి వేసిందే కదా, డబ్బా ఎటు పోయిందా అని వెతుకుతూనే ఉన్నా" అన్నాడట ఉలీసెస్, కళ్ళు తెరవకుండానే. "పెట్టె నువ్వే పెట్టావు, సరే. ఆయన అందులోకి రాలేదని నీకెవరు చెప్పారు?"

డబ్బీ తియ్యలేదు, అందుకు నాకు సంతోషమే. దిగి తాగడానికి మాత్రం ఎక్కడైనా ఆగొచ్చన్నారు, ఇక ఎందుకని అడగం అన్నారు. మొదట్లో నేనడిగింది అదే కదా. అంతదూరం తిరిగి రావలసివచ్చింది. అయినా ఎవరిస్తో ఇంకెక్కడా ఆగలేదు. ఆ గూటి దగ్గరే ఆగి, చీపురుతో ఊడ్చి, వెలిసిన జెండా మార్చి, చివరికి తన సిగరెట్టు తాగేవాడు.

ఈ ఏడాది ఎండలు పోయాక ఆయనకు దగ్గులో నెత్తురు పడింది. కొరియెంతెస్ ఆసుపత్రిలో ఛాతీ ఫొటో తీసి, ఊపిరితిత్తిలో ఒక ముక్క కొయ్యాలన్నారు. మళ్ళీ నడపగలడో లేదో కోశాకే చెబుతామన్నారు. వెళ్ళే ముందు తన సిగరెట్టు పెట్టె నా చేతిలో పెట్టాడు.

"ఇవింక నాకొద్దు, గౌచీతోకిచ్చెయ్. నా పేరున ఒకటి వెలిగించు. ప్రాణం సంగతి అడక్కు, స్టీరింగు సంగతి అడుగు."

ఆయన్ని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టిన పూట నేను ఆ రోడ్డు మీదే ఉన్నాను. గూటి దగ్గర ఆపాను. గాలి విపరీతంగా ఉంది. అగ్గిపుల్లలు వరసగా ఆరిపోతున్నాయి. పీలిస్తే తప్ప సిగరెట్టు అంటుకునేలా లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పీల్చాను. ఊపిరాడక వంగిపోయి దగ్గాను. గౌచీతోని మెడ కోసి చంపినవాడే తన బిడ్డ బతకాలని మొట్టమొదట ఆయనకు మొక్కుకున్నాడు, మా దగ్గర అందరికీ తెలిసిన సంగతే. ఆ పూట అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఫిర్యాదు చేశానని కాదు. కేబిన్ గురించి చేసిన గొడవ ఎవరిస్తో ఛాతీ గురించి కూడా చేసి ఉండాల్సిందని. సిగరెట్టు మట్టిలో గుచ్చి, "ఆయన స్టీరింగు ఆయనకిచ్చెయ్" అన్నాను. నాకు ప్రార్థనలు రావు.

తలుపు తెరిచే వదిలేసినట్టున్నాను. గాలికి పొగంతా కేబిన్‌లోకి కొట్టింది. నేను మెట్టెక్కేసరికి డబ్బీ కీచుకీచుమంటోంది. ఇన్నేళ్ళలో నా వంతులో అది అరవడం అదే మొదలు. ఫోను మోగింది. డోన్ ఉలీసెస్.

"జుల్మా, నువ్వా? పొగా?"

"గౌచీతో దగ్గరున్నాను. ఎవరిస్తో గూడు."

డబ్బీ అరుస్తూనే ఉంది.

"సిగరెట్లు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"నా పేరున కూడా ఒకటి వెలిగించమ్మా" అన్నాడు.

మళ్ళీ దిగి, ఈసారి తలుపు గట్టిగా వేశాను.